గడ్డి: తక్కువ

దర్ఖాన్‌లో ఈ రాత్రి మైనస్ ముప్పై నాలుగు.
ల్యాప్‌టాప్‌ని జంట కిటికీ నడిమి సందులో పెట్టాను,
లోపలి రెక్క తీసి, బయటి రెక్క మూసి.
లేకపోతే దాని ఒళ్ళు కాలిపోతుంది పాపం.
ఫ్యాను రొదకి కింది ఇంటి ముసలామె
ఇప్పటికే రెండుసార్లు వేడినీళ్ళ గొట్టం మీద గరిటెతో కొట్టింది.

నూట నలభై రెండో వంతు.
నేను డాన్యూబ్ ఒడ్డున ఒక చిన్న రాజుని.
మూడు కోటలు, బొక్కసం నిండా అప్పు,
ఎన్నిసార్లు మొదలుపెట్టినా పదహారో ఏట
గుర్రం మీంచి పడి చచ్చే కొడుకు.
తూర్పు నుంచి దండెత్తి వస్తున్నది ఎవరో చెప్పాలా,
మా వాళ్ళే.

'వంతు ముగించు' నొక్కాను.
ఇక లోకంలోని రాజులంతా ఒకరి తర్వాత ఒకరు ఆలోచిస్తారు.
సిసిలీ ఆలోచిస్తుంది.
నవ్‌గొరోద్ ఆలోచిస్తుంది.
పేరు పలకరాని ఒక దీవి అందరికన్నా ఎక్కువసేపు ఆలోచిస్తుంది,
దానికున్నది ఒకే ఒక్క పడవ.
ఈలోగా టీ కాచి, పాలు పోసి, ఉప్పేసి, తాగి,
మేజోళ్ళు ఉతికి ఆరేసి వచ్చాను.
ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.

నాలుగు తరాల నా నేస్తం బవేరియా
సాయానికని బయల్దేరి ఒక బురదలో ఆగాడు.
ముప్పై వంతులుగా అక్కడే,
ముందుకి రెండడుగులు, వెనక్కి రెండడుగులు,
దేన్నో పారేసుకుని వెతుక్కుంటున్నట్టు.

లువ్సన్‌దోర్జ్ మామయ్య సోఫా మీంచి చూస్తున్నాడు.
మోకాలు చూపించుకోడానికొచ్చి పదకొండు రోజులు.

తెర వెలిగింది. తొమ్మిది వేల గుర్రాలు
కొండ దిగుతున్నాయి. దిగాలి.
సెకనుకి నాలుగు బొమ్మలు, తర్వాత రెండు,
తర్వాత లేచిన గిట్ట గాల్లోనే.
జూలు విరబోసుకుని, నోళ్ళు తెరుచుకుని
ఎక్కడివక్కడ.

మామయ్య కప్పు కింద పెట్టాడు.
"చచ్చాయా?"
లేదు మామయ్యా, ఆగాయి.
"ఆఁ," అన్నాడు, "అట్లాగే ఉంటాయి."

నేను సెట్టింగుల్లో పడ్డాను.
నీడలు తీసేశాను. ఏట్లో మెరుపు తీసేశాను.
పొగ, జెండాల రెపరెప, కింద పడ్డవాళ్ళ ఒళ్ళు.
ఊహుఁ.
అట్టడుగున ఒక వరస మిగిలింది, గడ్డి.
'అత్యధికం' నుంచి 'తక్కువ'కి లాగాను.

కొండ బోడి అయింది.
గుర్రాలు ఒక్క ఉదుటున కదిలాయి.

"గడ్డి తీసేస్తే పరిగెత్తాయా?"
వెటకారం కాదు. మెకానిక్‌ని అడిగినట్టు
తెలుసుకుందామనే అడిగాడు.

ఆ జుద్ శీతాకాలం నాకు తొమ్మిదేళ్ళు.
గడ్డి లేక కాదు, గడ్డి ఉంది.
కరిగి మళ్ళీ గడ్డకట్టిన మంచు కింద
అద్దాల బీరువాలో పెట్టినట్టు కనబడుతూ ఉంది.
తవ్వి తవ్వి గిట్టలు చిట్లాయి.
పొద్దున్నే మామయ్య మంద మధ్యకి వెళ్ళి
ఒక్కోదాని మెడ మీద చెయ్యి వేసేవాడు,
నిలబడ్డవాటిలో ఏవి ఉన్నాయో
చూపుకి తెలియదు గనక.
నాలుగు వందల పదహారు.
వసంతానికి ఇరవై మూడు.

తెర మూల చిన్న అక్షరాలు నాచేత చదివించుకున్నాడు:
'శీతాకాలం. సైన్యానికి ఐదు శాతం నష్టం.'
"ఐదా," అన్నాడు. "లెక్కపెట్టిందెవరు?"

నేను జవాబు వెతుక్కునేలోపు
తెర నల్లబడింది. ఫ్యాను కూడా ఊపిరి బిగపట్టింది.
మళ్ళీ తెరిస్తే, భద్రపరచిన ఫైలు చెడింది,
పదకొండు వంతులు వెనక్కి.
కొడుకు బతికున్నాడు. పదిహేనేళ్ళు వాడికి.
నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను, పెద్దవాడి ముందే.

మామయ్య మోకాలు పట్టుకుని వచ్చి పక్కన కూచున్నాడు.
"మళ్ళీ దింపు," అన్నాడు.
"ఈసారి గడ్డి ఉంచు. ఆలస్యమైతే అవనీ."

రాత్రి రెండున్నర. గడ్డి: అత్యధికం.
సెకనుకి రెండు బొమ్మలు.
మోకాలి లోతు పచ్చికలో తొమ్మిది వేలు
ఒక్కో గిట్టా ఆలోచించి వేస్తున్నాయి.
మామయ్య పెదాలు కదులుతున్నాయి,
లెక్కపెడుతున్నాడు, రెండు వందలు దాటాడు.
గోడ మీద నా విలుకాళ్ళు అల్లెతాళ్ళు లాగి
ఆజ్ఞ కోసం చూస్తున్నారు.
ఇవ్వలేదు ఇంకా.
కింద గరిటె మళ్ళీ మోగింది.